బలం కొలిచిన మనిషి

ఆయన పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. మిషిగన్‌లోని మా ట్రాయ్ తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో పాత సోఫా అమ్ముతామని పెట్టిన ఫోటో కింద ఆ కబురు ఉంది. చదివాక కారు దిగకుండా ఆఫీసు పార్కింగ్‌లోనే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. నాకేమనిపిస్తోందో నాకే తెలియలేదు. ఒక్క ఆలోచన మాత్రం తిరిగి తిరిగి వచ్చింది. మా అమ్మాయికి ఈ మాట చెప్పాలా, వద్దా?

మా అమ్మాయి నీహారిక ఇప్పుడు జెర్సీ సిటీలో ఉంటుంది. రోజూ రైలెక్కి మన్‌హాటన్ వెళ్ళి ఉద్యోగం చేసుకుని వస్తుంది. మా ఇంట్లో ఆయనతో ఆఖరిసారి మాట్లాడినప్పుడు దానికి పదహారేళ్ళు. ఆయన మొహం మీదే "ఐ హేట్ యూ, అంకుల్" అంది. నేను ఆ మాట అనలేదు కానీ, చేసింది మాత్రం అంతకు తక్కువేమీ కాదు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. స్కోరు పుస్తకంలో ఇరవై మంది పిల్లల పేర్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద 'రాసినవారు' అని ఉన్న చోట ఖాళీగా వదిలేసేవారు.

మొదటిసారి ఆయన్ని చూసింది మా ఊరి పార్కులో, పిల్లలు బేస్‌బాల్ ఆడే మైదానం పక్కన. ఏప్రిల్ నెల. ఇక్కడ ఏప్రిల్ అంటే క్యాలెండర్‌లోనే వసంతం, బయట చేతులు జేబుల్లోంచి తియ్యలేం. ఆయన మడత కుర్చీలో కూర్చుని, నెత్తికి మంకీ క్యాప్ పెట్టుకుని, మోకాళ్ళ మీద దుప్పటి, దాని మీద పెద్ద పుస్తకం పరుచుకుని ఉన్నారు. పక్కనే ఫ్లాస్కులో అల్లం టీ.

"ఆ అమ్మాయి మీ అమ్మాయాండీ?" అనడిగారు.

అవునన్నాను. మైదానంలో అమ్మాయి అంటే అదొక్కతే. మిగతా అందరూ మగపిల్లలు. ఇక్కడ ఆడపిల్లలు ఎక్కువగా సాఫ్ట్‌బాల్ ఆడతారు, దానికి బంతి పెద్దది. తొమ్మిదేళ్ళ నీహారిక మాత్రం అన్నం మానేసి మరీ బేస్‌బాలే కావాలంది. నేను క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి. ఈ ఆటలో ఎవరు ఎందుకు పరిగెడుతున్నారో కూడా నాకు అర్థమయ్యేది కాదు.

వాళ్ళబ్బాయి కూడా ఆ టీమ్‌లోనే ఉండేవాడు. ఒక సీజన్ ఆడి, విసుగొచ్చి మానేశాడు. ఆయన మాత్రం మానలేదు. తర్వాతి సంవత్సరం కొడుకు లేకుండా ఒక్కరే కుర్చీ మోసుకుంటూ వచ్చి అదే చోట కూర్చున్నారు.

"మీవాడు ఆడట్లేదు కదండీ, మరి మీరు?" అని అడిగేశాను.

"లెక్క మధ్యలో ఉందండీ," అన్నారు.

ఆయన ఉద్యోగం కార్ల తలుపులు పరీక్షించడం. తలుపుని ఒక మెషిన్‌కి తగిలిస్తే, అది పగలూ రాత్రీ తలుపు తీస్తూ వేస్తూ ఉంటుందట. ఎన్ని వేలసార్లకి కీలు అరుగుతుందో, ఎక్కడ పగులు మొదలవుతుందో ఈయన చూడాలి. "తలుపు ఊడిపడ్డాక ఎవరైనా చెప్తారండీ. ఊడకముందు ఏం మారిందో, అది చూడటానికే నాకు జీతం," అనేవారు. ఎవరింటికి వచ్చినా ముందు వాళ్ళ తలుపు రెండుసార్లు తీసి వేసి, చెవి ఒగ్గి వినేవారు. మా ఆవిడ నవ్వుకునేది.

మైదానంలో ఆయన ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు. అందరూ లేచి అరుస్తుంటే ఆయన తల దించుకుని పుస్తకంలో రాసుకునేవారు. నీహారిక పన్నెండో ఏట బంతిని మొదటిసారి కంచె దాటించి హోమ్‌రన్ కొట్టినప్పుడు నేను పట్టలేక ఆయన్ని వాటేసుకున్నాను. ఆయన నన్ను మెల్లగా విడిపించుకుని, కింద పడ్డ పెన్సిల్ వెతుక్కుని, "ఇంకా చాలా మ్యాచ్‌లున్నాయండీ," అన్నారు. కానీ ఆట అయ్యాక దాని దగ్గరికి వెళ్ళి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు, "నీహారిక గారూ, ఇవాళ నడుము ముందు తిరిగింది, చేతులు తర్వాత వచ్చాయి. గమనించారా?" అనడిగారు. దాన్ని 'గారూ' అని పిలిచిన మనిషి భూమ్మీద ఆయనొక్కరే. అది కూడా చాలా గంభీరంగా, "ఎస్ అంకుల్, గమనించాను," అనేది.

ఆయన లెక్క ఏమిటో ఒకసారి మా భోజనాల బల్ల దగ్గర నాకు చెప్పారు. కొట్టి మొదటి బేస్ దాకా పరిగెడితే సింగిల్. రెండో బేస్ దాకా వెళ్తే డబుల్, మూడో దానికి ట్రిపుల్, మొత్తం చుట్టి వస్తే హోమ్‌రన్. ఆయన పద్ధతిలో సింగిల్‌కి ఏమీ రాదు. డబుల్‌కి ఒకటి, ట్రిపుల్‌కి రెండు, హోమ్‌రన్‌కి మూడు. అన్నీ కూడి, ఎన్నిసార్లు బ్యాటింగ్ చేసిందో దానితో భాగించాలి.

"సింగిల్‌కి ఏమీ లేకపోవడం అన్యాయం కదండీ? పాపం కొట్టింది కదా," అన్నాను.

"కొట్టింది, చేరింది. దానికి వేరే లెక్క ఉందండీ, అది సగటు. నేను చూసేది బలం. చేరడం పైన ఇంకెంత ఉందో అది." పెన్సిల్ కింద పెట్టి, "ఒక్క రోజు కొట్టిన దెబ్బని చూసి బలం అనకూడదండీ. ఏళ్ళ తరబడి చూడాలి," అన్నారు.

గళ్ళ కాగితాల మీద ఎర్ర పెన్సిల్‌తో గీత గీసేవారు. ఒక కాగితం అయిపోతే దానికి ఇంకోటి అంటించేవారు. నీహారిక ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అది విప్పితే మా బల్ల చాలేది కాదు. ఒక కొసని మా ఆవిడ పట్టుకునేది. మా అమ్మాయి గురించి ఇంత శ్రద్ధ ఈయనకెందుకు? ఇది ఆయన్ని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడిగితే ఆపేస్తారేమోనని భయమేసింది. ఈ భయమెందుకో కూడా నాకు తెలియదు.

హైస్కూల్లో బేస్‌బాల్ టీమ్ ఎంపికప్పుడు కోచ్ నన్ను పక్కకి పిలిచి మర్యాదగానే చెప్పాడు. "మీ అమ్మాయి బ్యాట్‌కి బంతి తగులుతుంది. కానీ పవర్ లేదు. మగపిల్లలతో కష్టం. సాఫ్ట్‌బాల్‌కి వెళ్తే స్టార్ అవుతుంది." నేను తలూపి వచ్చేశాను. ఆయనకి చెప్పాను. మర్నాడు సాయంత్రం ఆయన ఆ కాగితాల మడత చంకలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్ళారు. ఇంగ్లీషులో కూడా ఆయన మాట గోదావరి యాసలోనే ఉండేది.

"సార్, మీరు తీసుకున్న పిల్లల్లో తొమ్మిది మంది మా పార్కు లీగ్‌లో ఆడినవాళ్ళే. వాళ్ళ లెక్క కూడా నా దగ్గరుంది. చూడండి. గత రెండేళ్ళలో మా అమ్మాయి కంటే పైన ఇద్దరే ఉన్నారు."

కోచ్ ఆ కాగితాల్ని చాలాసేపు చూశాడు. "నా పిల్లల్ని కూడా లెక్కపెట్టారా మీరు? ఎందుకు?" అన్నాడు.

"పక్కన ఇంకోటి లేకపోతే కొలత ఎలా తెలుస్తుంది సార్?"

నీహారికని తీసుకున్నారు. బయటికొచ్చాక నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన 'మా అమ్మాయి' అన్న మాట చెవిలో ఉండిపోయింది. ఆయన మాత్రం స్కూల్ తలుపు తీసి వేసి, "ఈ కీలుకి నూనె పెట్టాలి," అన్నారు.

తర్వాత రెండేళ్ళు మా ఇల్లంతా ఆటే. పదకొండో తరగతిలో ఉండగా ఒక కాలేజీ కోచ్ నుంచి ఉత్తరం కూడా వచ్చింది, ఈ సీజన్ చూసి మాట్లాడతామని. ఆ సీజన్‌లో నీహారిక బాగా కొడుతోందనే నేననుకున్నాను. దాదాపు ప్రతి ఆటలో ఒకటో రెండో తగిలేవి. అందరూ మెచ్చుకునేవారు.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఆయన చెప్పకుండా వచ్చారు. ఆ రోజు మా తలుపు చప్పుడు వినలేదు. నేరుగా వచ్చి కాగితాలు బల్ల మీద పరిచారు. ఎర్ర గీత చివర కిందికి జారిపోయి ఉంది.

"సగటు చూడండి, ఏం మారలేదు. కొడుతోంది. కానీ అన్నీ సింగిల్సే అయిపోయాయి. ఐదు వారాల నుంచి ఇంతే. బ్యాటు పూర్తిగా తిప్పట్లేదండీ. ఎక్కడో నొప్పి ఉంది."

నాకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. "మీరు కూడా పవర్ లేదనే అంటారా? ఆడపిల్లనేనా మీ ఉద్దేశం?" అన్నాను.

"అలాగన్నానా అండీ నేను?" అన్నారు ఆయన. "రెండు వారాల కిందట అడిగాను. ఎడమ భుజం నొప్పి అని చెప్పింది. మీకు చెప్పొద్దని మాట తీసుకుంది. కాలేజీవాళ్ళు చూసేదాకా ఓర్చుకుంటానంది. సరే అన్నాను. తప్పు చేశాను. నిన్నటి ఆట చూశాక ఇంక నావల్ల కాలేదు."

మా మాటలు విని నీహారిక మెట్లు దిగి వచ్చింది. బల్ల మీద కాగితాలు చూసింది, ఆయన వైపు చూసింది.

"అంకుల్, యూ ప్రామిస్డ్."

"చెయ్యి పైకెత్తమ్మా," అన్నాను నేను. కుడి చెయ్యి ఎత్తింది. రెండోదన్నాను. ఎడమ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పెదవి కొరుక్కుంది. బంతి విసిరేది కుడి చేత్తో కాబట్టి ఎవరికీ తెలియలేదు. బ్యాటు తిప్పేటప్పుడు ముందుండేది ఎడమ భుజం.

అప్పుడే ఆయన్ని 'ఐ హేట్ యూ' అన్న ఆ మాటంది. ఆయన కాగితాలు మడుచుకుంటూ, "సరేనమ్మా," అన్నారు. 'గారూ' అనలేదు.

భుజం కీలులో చిరుగు ఉందని డాక్టర్ చెప్పింది. ఆపరేషన్ చేశారు. ఆ సీజన్ పోయింది, దాని తర్వాతదీ పోయింది. కాలేజీ కోచ్ మంచి మాటలతో ఒక ఈమెయిల్ పంపి ఊరుకున్నాడు. రెండు వారాల ముందే తెలిసి ఉంటే చిరుగు చిన్నదిగా ఉండేదా అని డాక్టర్‌ని అడిగాను. "ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చెప్పలేం," అంది.

ఆ జవాబే నన్ను పాడు చేసింది. ఆయన చెప్పినందుకు మా అమ్మాయికి కోపం. ఆలస్యంగా చెప్పినందుకు నాకు కోపం. ఒకే మనిషి మీద, ఒకదానికొకటి పొసగని రెండు కోపాలు. మా ఇద్దరిలో ఎవరిది న్యాయమో తెలియక ఇద్దరం కలిసి ఆయన్ని దూరం పెట్టాం. నేను ఫోన్ చేసి, "కొన్నాళ్ళు రాకండి, పిల్ల మనసు బాగోలేదు," అన్నాను. "అలాగేనండీ," అన్నారు. తండ్రిని నేను. దాని పక్కనే కూర్చుని రోజూ అన్నం తిన్నవాణ్ణి. నాకు కనపడనిది ఆయనకి కాగితం మీద కనపడింది. అసలు కోపం దీనికేనేమో. ఆయన మళ్ళీ రాలేదు, నేనూ మళ్ళీ పిలవలేదు. ఇండియన్ స్టోర్‌లో ఎదురైతే కొత్తిమీర కట్టలు ఎత్తి చూపించి, "ఇవాళ తాజాగా ఉన్నాయండీ," అనేవారు. అంతే. ఏళ్ళు గడిచిపోయాయి.

అంత్యక్రియలకి వెళ్ళాను. ఫ్యూనరల్ హోమ్‌లో ఆయన భార్య శ్యామల గారు నా చేతులు పట్టుకున్నారు. క్షమించమని అడగాలనుకున్నాను. ఏ తప్పుకో తేల్చుకోలేకపోయాను. ఆవిడే మాట్లాడారు.

"మీ అమ్మాయి వస్తుందా అండీ? పాపం ఎంత ఏడ్చిందో ఫోన్లో."

"ఎవరండీ?"

"నీహారిక. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి ఈయన ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేవారు కదా. ఆ పిల్ల ఫోన్ వస్తే గానీ అన్నానికి లేచేవారు కాదు." నా మొహం చూసి ఆవిడ ఆగిపోయారు. "మీకు తెలియదా?"

కార్లో కూర్చుని నీహారికకి ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తింది.

"నాకు తెలుసు డాడీ. ఆంటీ చెప్పారు."

"మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?"

"టూ ఇయర్స్ అయింది. నేను మళ్ళీ ఆడుతున్నా. ఇక్కడ విమెన్స్ టీమ్ ఉంది, సండే సండే. బేస్‌బాలే."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఫస్ట్ గేమ్‌లో నేను ఒక డబుల్ కొట్టాను. ఎవరికైనా చెప్పాలి అనిపించింది. మీకు చెప్తే ఫస్ట్ షోల్డర్ ఎలా ఉంది అని అడుగుతారు. అమ్మ కూడా. సో అంకుల్‌కి చేశా. సారీ చెప్పాలి అనుకున్నా, కానీ చెప్పలేదు, డబుల్ అని చెప్పా. ఆయన, బాల్ లెఫ్ట్ ఫీల్డ్‌కి వెళ్ళిందా, సెంటర్‌కా అని అడిగారు. అంతే, ఇంకేం అడగలేదు."

"మాకు చెప్పమని ఆయన అనలేదా?"

"ఎవ్రీ టైమ్ అన్నారు. 'నాన్నగారికి చెప్పండి నీహారిక గారూ' అని. నేను 'తర్వాత చెప్తా' అన్నా. ఓకే అన్నారు."

ఫోన్ పెట్టేశాను. ఒకప్పుడు రెండు వారాలకి మించి దాచలేకపోయిన మనిషి ఈ మాటని రెండేళ్ళు దాచారు. ఆ రెండేళ్ళలో స్టోర్‌లో నాకు ఎన్నిసార్లు ఎదురయ్యారో. కొత్తిమీర గురించి చెప్పారు కానీ, నా కూతురు మళ్ళీ బ్యాటు పట్టిందని చెప్పలేదు. మేం కొట్టిన దెబ్బకి నేర్చుకున్నారా? లేక గీత పైకి వెళ్తోంది కాబట్టి చెప్పాల్సిన అవసరం లేదనుకున్నారా? ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, ఆయనకి దణ్ణం పెట్టాలో తేలలేదు. ఇప్పటికీ తేలలేదు.

రెండు వారాల తర్వాత న్యూజెర్సీ వెళ్ళాను. ఆదివారం పొద్దున్నే, పక్కనే హైవే ఉన్న మైదానం. నీహారిక నా చేతిలో కొత్త స్కోరు పుస్తకం పెట్టి, "మా టీమ్‌కి రాసేవాళ్ళు లేరు డాడీ, ట్రై చెయ్యండి," అంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ గడిలో ఏం రాయాలో పావుగంట చెప్పింది. సగం అర్థమైంది. మొదటి నాలుగు ఇన్నింగ్స్‌లో మూడు చోట్ల కొట్టివేతలు పడ్డాయి.

ఐదో ఇన్నింగ్స్‌లో నీహారిక కొట్టింది. చప్పుడుకే నేను లేచి నిలబడ్డాను. బంతి ఎడమ వైపు చాలా ఎత్తుగా, చాలా దూరం వెళ్ళింది. అక్కడున్న అమ్మాయి వెనక్కి పరిగెత్తి చెయ్యి చాపింది. బంతి గ్లవ్‌లో పడి జారిపోయింది. ఆ అమ్మాయి వెతుక్కునేలోపు నీహారిక రెండో బేస్ మీద నిలబడి, హెల్మెట్ సర్దుకుంటూ నా వైపు చూసింది. నేను ఒత్తి మరీ రాశాను, డబుల్ అని.

ఆట అయ్యాక నా పక్కన బెంచీ మీద కూర్చుని పుస్తకం తిరగేసింది. ఆ గడి దగ్గర ఆగింది.

"ఇది డబుల్ కాదు డాడీ. ఆమె పట్టుకోవాల్సింది, వదిలేసింది. అది ఆమె ఎర్రర్. నా హిట్ కాదు."

"పట్టుకోలేదు కదమ్మా. నువ్వు రెండో బేస్‌కి వెళ్ళావు, నేను చూశాను."

"వెళ్ళాను. బట్ అది నా బలం కాదు." 'బలం' అన్న మాటని తన అమెరికా యాసలో జాగ్రత్తగా పలికింది. బ్యాగులోంచి రబ్బరు తీసి తుడవడం మొదలుపెట్టింది.

"ఉండనివ్వమ్మా. ఆయన కూడా లేరు. ఒక్కటి ఎక్కువుంటే ఏమవుతుంది?"

తుడుస్తున్న చెయ్యి ఆపి నా వైపు చూసింది.

"ఇప్పుడు ఎక్కువ రాస్తే నెక్స్ట్ ఇయర్ నేను బాగానే ఆడినా గీత కిందికి వస్తుంది. అప్పుడు మీరు భయపడతారు," అంది. రబ్బరు పొట్టు ఊదేసి, పెన్సిల్ నా చేతికిచ్చి, ఎర్రర్‌కి ఏం రాయాలో వేలితో గడిలో గీసి చూపించింది.